కౌమార నవలలో మత్తుమందు: రెండు దారులు

మత్తుమందుకు బానిసైన కుర్రవాడి కథ రాయడం తేలికైన పని అనే నమ్మకం రచయితల్లో చాలామందికి ఉన్నది. కథ ముందే సిద్ధంగా ఉంటుంది. ఒక మంచి కుటుంబం, ఒక చెడ్డ స్నేహితుడు, సరదాగా లాగిన మొదటి దమ్ము, తరవాత ఇంట్లో దొంగతనాలు, చివరికి చావో జైలో. పేర్లు మార్చుకుంటే చాలు. చదివిన పిల్లలు హడలిపోతారనీ, హడలిపోయిన పిల్లలు ఆ దారిన పోరనీ రాసేవాళ్ళూ అచ్చువేసేవాళ్ళూ అనుకుంటారు. ఈ అచ్చు ఎక్కడ తయారైంది, ఎవరి అవసరంకొద్దీ చలామణీ అయింది, దానికి ఎదురుగా నిలబడిన రచనకు ఏ గతి పట్టింది అనే ప్రశ్నలు సాహిత్య చరిత్రలో అడగవలసినవే. జవాబులు చాలావరకు 1971 మొదలు 1982 దాకా అమెరికాలో జరిగినవాటిలో దొరుకుతాయి. అంచేత నేను ముఖ్యంగా అక్కడి పుస్తకాలు రెండింటిని పట్టుకుని మాట్లాడతాను. రెండింటినీ రాసింది స్త్రీలే. ఒకామె తన పేరు దాచుకున్నది. రెండో ఆమె తన పేరుమీద, తన జాతి పేరుమీద, తన పేట పేరుమీద రాసింది.

ముందుగా ఈ కౌమార సాహిత్యం అనే శాఖ గురించి ఒక మాట. పన్నెండు దాటి ఇరవై రాని వాళ్ళకు వేరే పుస్తకాలు కావాలనే ఆలోచన అమెరికాలో గ్రంథాలయాల నుంచి పుట్టింది. 1957లో అక్కడి గ్రంథాలయ సంఘం ఈ వయసువాళ్ళకోసం ప్రత్యేక విభాగమే పెట్టింది. అయితే చాలాకాలం ఈ పుస్తకాలు చక్కని ఇళ్ళలోని చక్కని పిల్లల సరదాలతో, తొలివలపులతో సరిపెట్టుకున్నాయి. 1967లో ఎస్. ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' వచ్చాక పరిస్థితి మారింది. ఆమె దాన్ని హైస్కూల్లో చదువుతూ రాసింది. పేదవాడల కుర్రాళ్ళూ డబ్బున్న కుర్రాళ్ళూ కత్తులు దూసుకోవడం ఆ కథ. పిల్లల నవలలోకి వర్గం వచ్చింది. దాని వెనకాలే మత్తుమందూ వచ్చింది.

1971 జూన్ 17న అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకమే అమెరికా ప్రజలకు ప్రధాన శత్రువని ప్రకటించాడు. అప్పటికి వియత్నాంలో అమెరికా సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడుతున్నారు. ఆ హెరాయిన్ ఎక్కణ్ణించి వస్తున్నదో, కమ్యూనిస్టు వ్యతిరేకత పేరుతో అమెరికా గూఢచారి శాఖ చేరదీసిన ముఠాలకు నల్లమందు వ్యాపారంతో ఉన్న సంబంధమేమిటో ఆల్‌ఫ్రెడ్ మెకాయ్ అనే పరిశోధకుడు 1972లో గ్రంథం రాసి బయటపెట్టాడు. ఆ గ్రంథం అచ్చుకాకముందే చూపించాలని ఆ శాఖ ప్రచురణకర్తల వెంటపడింది. నల్లమందు వ్యాపారానికి ప్రభుత్వాల అండ కొత్త కాదు. బెంగాల్‌లో మన రైతుచేత గసగసాల పైరు వేయించి చైనాకు నల్లమందు ఎగుమతి అయ్యే ఏర్పాటు చేసిన తూర్పు ఇండియా కంపెనీ ఈ విద్యలో అందరికీ గురువు. మొత్తంమీద 1971లో అమెరికా పాలకుల ముందు రెండు ప్రశ్నలున్నాయి. సరుకు ఎవరు తెస్తున్నారు అన్నది ఒకటి. పిల్లలు ఎందుకు చెడిపోతున్నారు అన్నది రెండోది. మొదటిది అడిగితే ఇబ్బంది. రెండోది ఎంత గట్టిగా అడిగినా ఎవరికీ నష్టం లేదు.

ఆ సంవత్సరమే 'గో ఆస్క్ ఏలిస్' వెలువడింది. ఏలిస్‌ను అడుగు అని దాని అర్థం. రచయిత పేరు లేదు. అజ్ఞాత రచన అని ఉన్నది. పదిహేనేళ్ళ అమ్మాయి నిజంగా రాసుకున్న డైరీ అని దాన్ని పాఠకుల చేతిలో పెట్టారు. తండ్రి విశ్వవిద్యాలయ ఆచార్యుడు. తల్లి ఉత్తమ ఇల్లాలు. కొత్త ఊళ్ళో ఒంటరిదైపోయిన పిల్ల ఒక పార్టీకి వెళుతుంది. అక్కడ శీతలపానీయంలో ఎల్‌ఎస్‌డి కలిపి ఆటగా పంచుతారు. కొన్ని సీసాల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఈ పిల్ల వాటాకు ఉన్న సీసా వస్తుంది. అక్కణ్ణించి పతనం దౌడు తీస్తుంది. ఇల్లు వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో పారిపోవడం, వీధిపాలు కావడం, తిరిగి రావడం, మళ్ళీ జారడం, పిచ్చాసుపత్రి. ఆఖరికి బాగుపడి, ఇక డైరీ అక్కరలేదనుకున్న మూడు వారాలకు ఆమె చనిపోయిందని పుస్తకం చివర నాలుగు ముక్కలు.

ఆ పుస్తకానికి శక్తి లేదని నేననను. లేకపోతే లక్షలకొద్దీ ప్రతులు అమ్ముడుపోవు. 1973లో టెలివిజన్ సినిమా కాదు. ఒంటరి ఆడపిల్ల తన బరువు గురించీ జుట్టు గురించీ బెంగపడే పేజీలు చదివితే ఎవరికైనా జాలి కలుగుతుంది. కాని పుస్తకం మూసి ఒక్క సంగతి ఆలోచించండి. ఈ అమ్మాయికి మందు ఇచ్చేవాళ్ళు ఎక్కువగా ఆమె తోటి కుర్రకారే. ఆ కుర్రకారుకు పైన ఎవరైనా ఉన్నారా? సరుకు ఎక్కడిది? డబ్బు ఎటు పోతున్నది? పుస్తకానికి ఆ ప్రశ్నలు తట్టవు. ఇంట్లో లోపం లేదు, బడిలో లోపం లేదు, దేశంలో లోపం లేదు. దేశం వియత్నాంమీద బాంబులు వేస్తున్న సంవత్సరాలవి. లోపమంతా ఆ పిల్ల మనసులోని బలహీనతలోనే. అంచేత బాగుపడ్డా చావు తప్పదు. పాపానికి శిక్ష అనే పాత పురాణానికి ఆధునిక రసాయనం పూశారు.

ఇక డైరీ సంగతి. కొన్నేళ్ళకు బియాట్రిస్ స్పార్క్స్ అనే ఆమె ఆ పుస్తకానికి సంపాదకురాలిగా ముందుకు వచ్చింది. కాపీరైటు దస్తరంలో కర్తగా ఉన్న పేరు ఆమెదే. 1979లో ఆమె పేరుతో మరొక కుర్రవాడి డైరీ వచ్చింది. ఆ కుర్రవాడి కుటుంబం, మా పిల్లవాడు రాసినది అందులో కొద్దిగానే ఉన్నది, మిగతాది కల్పితమని మొరపెట్టుకున్నది. తరవాత కూడా అజ్ఞాత బాలికల డైరీలు ఆమె చేతిమీదుగా వరసగా వచ్చాయి. 2022లో రిక్ ఎమర్సన్ ఈ వ్యవహారమంతా తవ్వి ఒక పుస్తకం రాశాడు. కల్పన రాయడం తప్పు కాదు. మనమందరం చేసే పనే. కాని కల్పనను దస్తావేజుగా చూపించి, ఇది నిజంగా జరిగింది గనక నోరెత్తకండి అనడం వేరు. వాస్తవికత అంటే డైరీ రూపమనీ, తేదీలు వేస్తే నిజమైపోతుందనీ అనుకునే వాళ్ళు మనలోనూ లేకపోలేదు. వాళ్ళు ఈ ఉదంతం గుర్తుంచుకోవాలి.

అదే 1971లో హింటన్ 'దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ' అనే నవల రాసింది. అందులో బ్రయాన్, మార్క్ అన్నదమ్ముల్లా ఒకే ఇంట్లో పెరిగిన పేద కుర్రాళ్ళు. ఇంటికి డబ్బు లేదు, తల్లి ఆసుపత్రి పాలైంది. మార్క్ గుట్టుగా మత్తుబిళ్ళలు అమ్మి డబ్బు తెస్తాడు. సంగతి తెలిసిన బ్రయాన్ పోలీసులకు ఫోను చేస్తాడు. మార్క్ జైలుకు పోతాడు. పట్టించినవాడి మనసు బండబారిపోవడంతో నవల ముగుస్తుంది. హింటన్ నిజాయితీ గల రచయిత్రి. అమ్మేవాడి చేతిలో ఇంటి ఖర్చు ఉన్నదని ఆమెకు తెలుసు. తెలిసీ అక్కడే ఆగింది. పోలీసుకు ఫోను చేయడం తప్ప ఆమె కుర్రవాడికి మరో దారి కనిపించలేదు.

ఆ మరో దారి వెతికిన మనిషి ఏలిస్ చిల్‌డ్రెస్.

దక్షిణ కరోలినాలో 1916లో పుట్టి, న్యూయార్క్ నగరంలోని నల్లవారి పేట హార్లెంలో అమ్మమ్మ చేతిలో పెరిగింది. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. అమెరికన్ నీగ్రో థియేటర్‌లో నటిగా ఏళ్ళ తరబడి పనిచేసింది. పాల్ రోబ్‌సన్ నడిపిన 'ఫ్రీడమ్' పత్రికలో మిల్‌డ్రెడ్ అనే పనిమనిషి మాటలుగా ఆమె రాసిన శీర్షిక 1956లో పుస్తకమైంది. తెల్లదొరసాని ఇంట్లో అంట్లు తోమే మనిషి తన నోటితో తాను మాట్లాడడం ఆ రచనల విశేషం. 1955లో ఆమె 'ట్రబుల్ ఇన్ మైండ్' నాటకం ఆడింది. దాన్ని బ్రాడ్వేకు తీసుకుపోతామన్న వాళ్ళు ముగింపు మెత్తబరచమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నాటకం బ్రాడ్వే చేరింది 2021లో, ఆమె పోయిన 27 ఏళ్ళకు. మనిషి ఎటువంటిదో ఇది చాలు.

హార్లెంలో హెరాయిన్ అప్పటికే పాత సంగతి. 1952లో న్యూయార్క్ నగరం నదిలోని ఒక దీవిమీద ఈ వ్యసనమున్న కుర్రవాళ్ళకోసమే ఆసుపత్రి తెరిచి, 1963లో మూసేసింది. బయటికి వచ్చినవాళ్ళు అవే వీధులకు, అదే నిరుద్యోగానికి వచ్చి మళ్ళీ సూది పట్టారు. జేమ్స్ బాల్డ్విన్ 1957లో రాసిన 'సోనీస్ బ్లూస్' కథలో బడిపంతులు ఒకడు తన తమ్ముడు హెరాయిన్ కేసులో పట్టుబడిన వార్త పేపర్లో చూస్తాడు. తన క్లాసులోని పిల్లల ముఖాల్లో తమ్ముడి ముఖం కనిపిస్తుంది. ఉపాధ్యాయులు తప్పక చదవవలసిన కథ అది. అయితే పెద్దలకోసం రాసినది. పిల్లలకోసం రాయడం చిల్‌డ్రెస్ వంతు అయింది.

1973లో వచ్చిన ఆమె నవల పేరు 'ఎ హీరో ఏంట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్'. బెంజీ జాన్సన్‌కు పదమూడేళ్ళు. హెరాయిన్‌కు అలవాటుపడ్డాడు, పడ్డానని ఒప్పుకోడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలనంటాడు. ఈ మాట అతని నోట వినగానే ఆ డైరీకీ ఈ నవలకూ ఉన్న దూరం తెలిసిపోతుంది. డైరీలోని పిల్ల ప్రతి పేజీలో తన పాపాన్ని తానే ఒప్పుకుంటుంది. నిజమైన బానిస ఒప్పుకోడు. అంచేత ఒక్కడి గొంతుమీద నమ్మకం పెట్టుకుంటే నిజం బయటికి రాదు. చిల్‌డ్రెస్ అధ్యాయానికొక గొంతు పెట్టింది. బెంజీ మాట్లాడతాడు. తల్లి రోజ్ మాట్లాడుతుంది, అమ్మమ్మ మాట్లాడుతుంది. అతనితో తిరిగి తరవాత విడిపోయిన స్నేహితుడు జిమ్మీ-లీ, నల్లజాతి అభిమాని అయిన ఉపాధ్యాయుడు నైజీరియా గ్రీన్, యూదు ఉపాధ్యాయుడు కోహెన్, బడి ప్రిన్సిపాల్, చివరికి సరుకు అమ్మే వాల్టర్ కూడా మాట్లాడతారు. ఒకరి మాటను మరొకరి మాట ఖండిస్తుంది. కోహెన్‌కూ నైజీరియా గ్రీన్‌కూ పడదు. తరగతిలో కునుకుపాట్లు పడుతున్న బెంజీని చూసి ఇద్దరూ కలవవలసి వస్తుంది. బడిలోని పాత పగలన్నీ పక్కన పెట్టించిన ఆ కునుకుపాటు నాకు నవలలోకెల్లా గొప్ప ఘట్టాల్లో ఒకటిగా కనిపిస్తుంది. అమ్మేవాడికి కూడా వాదన ఉన్నది, రచయిత్రి దాన్ని వినిపిస్తుంది. విన్నంతమాత్రాన క్షమించదు.

నవలకు ప్రాణం బట్లర్ క్రెయిగ్. రోజ్‌తో కాపురముంటున్నాడు, పెళ్ళి కాలేదు. బెంజీకి కన్నతండ్రి కాడు. భవనాల మరమ్మతు పనిచేసే కూలిమనిషి. సెలవు అడగడానికి వెనకాడే మనిషి, ఎందుకంటే సెలవు అంటే కూలి పోవడం. బెంజీ అతని ఒకే ఒక్క మంచి సూటూ పైకోటూ దొంగిలించి అమ్మేస్తాడు. బట్లర్ ఇల్లు వదిలి అదే భవనంలో వేరేచోటికి మారతాడు. ఒకనాడు బెంజీ అక్కడ కూడా దొంగతనానికి దిగి, దొరికిపోయి, మేడపైకి పారిపోతాడు. భవనాల మధ్య గాలికోసం వదిలిన సందులోకి జారతాడు. బట్లర్ అతని చెయ్యి పట్టుకుంటాడు. వదిలేయమని పిల్లవాడు అంటాడు. వదలడు. ఇక్కడ ఉపదేశం లేదు. బరువు ఉన్నది. పదమూడేళ్ళ పిల్లవాడి బరువు ఒక కూలివాడి భుజంమీద ఎంత ఉంటుందో అంత. తరవాత చికిత్సాకేంద్రం బయట బట్లర్ బెంజీకోసం నిలబడి ఎదురుచూస్తూ ఉంటాడు. బెంజీ వస్తాడో రాడో చెప్పకుండానే నవల ఆగిపోతుంది. ఆ పిల్లవాణ్ణి చంపితే పాఠకుడు కన్నీరు పెట్టుకుని నిశ్చింతగా పడుకుంటాడు. బాగుచేస్తే ఇంకా నిశ్చింతగా పడుకుంటాడు. చిల్‌డ్రెస్ రెండు సౌకర్యాలూ ఇవ్వలేదు.

అదే 1973లో న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ కొత్త చట్టం తెచ్చాడు. కొద్దిపాటి హెరాయిన్ అమ్మినా కనీసం పదిహేనేళ్ళ జైలు, పైన యావజ్జీవం. ఆ చట్టం కింద జైళ్ళు నింపినవాళ్ళు ఎక్కువమంది నల్లవాళ్ళూ, స్పానిష్ మాట్లాడే పేదలూ. 2009లో గాని ఆ రాష్ట్రం దాన్ని చాలావరకు సడలించలేదు. అంటే బట్లర్ చెయ్యి పట్టుకున్న సంవత్సరమే ప్రభుత్వం చెయ్యి వదిలింది.

ఇప్పుడు ఈ రెండు పుస్తకాలూ ఒకే బోనులో నిలబడిన కథ చెప్పాలి. న్యూయార్క్ నగరం పక్కన లాంగ్ ఐలండ్‌లో ఐలండ్ ట్రీస్ అనే స్కూలు జిల్లా ఉన్నది. 1975 సెప్టెంబరులో అక్కడి విద్యామండలి సభ్యులు ముగ్గురు ఒక సంప్రదాయవాద తల్లిదండ్రుల సంఘం సభకు వెళ్ళి, అభ్యంతరకర గ్రంథాల జాబితా చేతపట్టుకుని వచ్చారు. 1976లో మండలి పదకొండు పుస్తకాలను స్కూళ్ళనుంచి తీయించింది. వాటిలో రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్', లాంగ్‌స్టన్ హ్యూస్ కూర్చిన నీగ్రో రచయితల కథాసంపుటం, వానెగట్ యుద్ధ నవల ఉన్నాయి. 'గో ఆస్క్ ఏలిస్' ఉన్నది. చిల్‌డ్రెస్ నవల ఉన్నది. అవి అమెరికాకూ క్రైస్తవానికీ వ్యతిరేకమైనవనీ, బూతులనీ మండలి ఆరోపణ. అమెరికా వ్యతిరేకత ఎక్కడున్నదో ఉదాహరణ చెప్పమని తరవాత న్యాయవిచారణలో అడిగితే, మండలి సభ్యులు చూపించింది చిల్‌డ్రెస్ నవలనే. జార్జి వాషింగ్టన్‌కు బానిసలు ఉండేవారని అందులో ఒకచోట వస్తుంది. అదీ నేరం. వాషింగ్టన్‌కు బానిసలున్న మాట చరిత్రకారులెవరూ కాదనరు. పదమూడేళ్ళ నల్లపిల్లవాడి తరగతిలో ఆ మాట వినపడడమే వాళ్ళకు కష్టమైంది. పిల్లవాడు హెరాయిన్ తీసుకోవడం కన్న చరిత్ర తెలుసుకోవడం ప్రమాదమన్నమాట.

ఇందులో మరొక వింత ఉన్నది. ఈ పుస్తకాలమీద సలహా చెప్పడానికి నలుగురు తల్లిదండ్రులతో, నలుగురు స్కూలు ఉద్యోగులతో ఒక సంఘం వేశారు. ఆ సంఘం అయిదు పుస్తకాలను ఉంచవచ్చునన్నది. వాటిలో 'గో ఆస్క్ ఏలిస్' ఒకటి. చిల్‌డ్రెస్ నవల దగ్గరకు వచ్చేసరికి వాళ్ళకు ఏకాభిప్రాయం కుదరలేదు. వీళ్ళు మండలి సభ్యులవంటి మొండివాళ్ళు కారు. సుమారుగా మంచివాళ్ళు. సుమారుగా మంచివాళ్ళకు కూడా దొంగ డైరీ మింగుడుపడింది, నిజమైన నవల గొంతులో ఇరుక్కున్నది. డైరీ చివర పిల్లకు శిక్ష పడుతుంది గనక దాన్ని నీతిగ్రంథంగా భరించవచ్చు. ఈ నవలను భరించాలంటే హార్లెంను ఎవరు అలా ఉంచారో కూడా ఒప్పుకోవాలి. మండలి ఆ సలహాను కూడా లెక్కచేయలేదు. స్టీవెన్ పికో అనే పదిహేడేళ్ళ విద్యార్థి తోటివాళ్ళతో కలిసి కోర్టుకెక్కాడు. 1982లో సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు, విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. పుస్తకాలు అలమరలకు తిరిగి వచ్చాయి. తీర్పు చదివితే అది ఎంత సన్నని దారంమీద వేలాడిందో తెలుస్తుంది. ఇప్పటికీ అమెరికాలో స్కూలు లైబ్రరీల పుస్తకాలమీద తగవులు ఆ దారం చుట్టూనే తిరుగుతున్నాయి.

చిల్‌డ్రెస్ పద్ధతి అక్కడితో ఆగలేదు. ఇంగ్లండులో మెల్విన్ బర్జెస్ 1996లో 'జంక్' రాశాడు. తండ్రి కొట్టే ఇంటినుంచి పారిపోయిన టార్, విసుగెత్తి ఇల్లు విడిచిన జెమ్మా, ఇద్దరూ పద్నాలుగేళ్ళవాళ్ళు. 1980లలో బ్రిస్టల్ నగరంలో ఖాళీగా పడిఉన్న ఇళ్ళలో చేరి హెరాయిన్ పాలవుతారు. అక్కడా గొంతుకొక అధ్యాయమే. బ్రిటన్‌లో నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటిన కాలమది. బర్జెస్ ఒక సాహసం చేశాడు. మందు మొదట హాయిగా ఉంటుందని దాచకుండా రాశాడు. ఆ నవలకు కార్నెగీ పతకం వస్తే పత్రికల్లో గొడవ జరిగింది. హాయి సంగతి దాచిపెడితే, ఒక్కసారి రుచి చూసిన పిల్లవాడికి పెద్దవాళ్ళు చెప్పిన మిగతా మాటలన్నీ అబద్ధాలుగా తోస్తాయి. ఈ విషయంలో బర్జెస్ పక్షమే నా పక్షం. అయితే ఆ ముప్పై లక్షలమంది నిరుద్యోగులు నవలలో దూరపు చప్పుడుగానే వినిపిస్తారు. ఆ మేరకు అది చిల్‌డ్రెస్ కన్న ఒక మెట్టు దిగువ.

మనకు ఇవన్నీ దేనికి అని అడగవచ్చు. శిష్యుడికి చుట్ట నేర్పిన గురువును గురజాడ గిరీశం రూపంలో ఏనాడో చూపించాడు. నవ్వు వెంకటేశం మీదికి కాక గిరీశం మీదికి పోయేట్టు చూశాడు. దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం పెట్టారు. తోటి ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణం మూయించిన పల్లెటూరి స్త్రీ కథ అది. తాగుబోతు భర్త ఎలా చచ్చాడో చెప్పి భయపెట్టడం దాని పని కాదు. దుకాణం ఎవరిదని అడగడం దాని పని. అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు ఆ పాఠం చదివి 1992లో దూబగుంటలో దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. సడలించినవాళ్ళ లెక్కలు వేరు. పాఠం చేసిన పని మాత్రం చేసింది.

ఇప్పుడు మన స్కూళ్ళలో, కాలేజీల్లో మత్తుమందులమీద కథల పోటీలు జరుగుతున్నాయి. అటువంటి పోటీ ఒకదానికి నేను ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణిగా కూర్చున్నాను. వచ్చిన కథలు దాదాపు అన్నీ ఆ డైరీకి మనవలు. ఏ పిల్లవాడూ ఆ పుస్తకం పేరైనా విని ఉండడు, అయినా అచ్చు అదే. చెడ్డ స్నేహితుడు గంజాయి ఇచ్చాడు, పిల్లవాడు చెడిపోయాడు, తల్లి ఏడ్చింది, పిల్లవాడు చచ్చిపోయాడు. చెడ్డ స్నేహితుడికి గంజాయి ఎవరిచ్చారో ఎవరూ రాయలేదు. ఒక్క అమ్మాయి మాత్రం మన్యంలో మూటలు మోసే కుర్రవాడి కథ రాసింది. ఆ కుర్రవాడు గంజాయి తాగడు. రోజు కూలికి మోస్తాడు. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడి జైల్లో పడతాడు. మూట యజమాని పేరు కుర్రవాడికే తెలియదు గనక కథలోనూ ఉండదు. కథ విషయానికి దూరంగా ఉన్నదని మాలో ఒకరన్నారు. వ్యసనం గురించి కదా రాయమన్నాం అన్నారు. రెండు గంటలు వాదించుకున్నాం. ఆఖరికి మూడో బహుమతి ఇచ్చాం.